స్వేచ్ఛ దక్కెను, నేల దక్కలేదు

1865 జనవరి 12వ తేదీ రాత్రి, జార్జియా రాష్ట్రమందలి సవానా పట్టణమున, ఒక పత్తి వర్తకుని భవనములో, ఇరువదిమంది నల్లజాతి క్రైస్తవ బోధకులు సమావేశమైరి. వారి యెదుట కూర్చుండినవారిలో ఒకరు అమెరికా సంయుక్తరాష్ట్రముల యుద్ధశాఖామాత్యుడు ఎడ్విన్ స్టాంటన్. రెండవవాడు అట్లాంటా మొదలుకొని సముద్రతీరము వరకు శత్రుసీమను దగ్ధము చేయుచు వచ్చిన సేనాని విలియం షెర్మన్. నాలుగేండ్లుగా సాగుచుండిన అంతర్యుద్ధము తుదిదశకు వచ్చియుండెను. వేలకొలది బానిసలు తోటలను విడిచి, బిడ్డలను చంకలనిడుకొని, షెర్మన్ సైన్యము వెంట నడచి వచ్చియుండిరి. వీరి భవిష్యత్తేమి యను ప్రశ్నకు ప్రభుత్వమువద్ద సమాధానము లేకుండెను. రెండు శతాబ్దులకు పైగా ఆ దేశమున నల్లవారిని గూర్చి శాసనములు చేసినవారు కలరు, తీర్పులు చెప్పినవారు కలరు, వేలములు వేసినవారు కలరు. కాని మీకేమి కావలెనని ప్రభుత్వము పక్షమున వారిని కూర్చుండబెట్టి యడుగుట అంతకుముందు జరిగినది కాదు.

అందరి పక్షమున బదులు చెప్పినవాడు 67 ఏండ్ల గ్యారిసన్ ఫ్రేజియర్. ఎనిమిదేండ్లకు పూర్వమే వెయ్యి డాలర్ల వెండి బంగారములను చెల్లించి తన్నును, తన భార్యను యజమానివద్దనుండి కొనుక్కొని విముక్తుడైన వృద్ధుడాయన. దాస్యమనగా నేమని యడుగగా, పరుని శ్రమఫలమును వాని సమ్మతి లేక బలాత్కారముగా హరించుటయే దాస్యమనియు, తమ కష్టఫలమును తామనుభవించి తమ్ము తామే పోషించుకొనగలుగుటయే స్వేచ్ఛయనియు ఆయన తడబాటు లేక విన్నవించెను. దానికి సాధనమేది యనగా, భూమి యని చెప్పెను. దున్నికొనుటకు నేల చూపించిన చాలును. స్త్రీలు, వృద్ధులు, పిల్లలు కూడ చేయి వేయుదురు. కొంతకాలమునకు ఆ నేలను తామే కొనుక్కొందురు. ఇంతకంటె వారేమియు కోరలేదు.

నాలుగు దినములలో షెర్మన్ ఆజ్ఞ వెలువడెను. చార్లెస్టన్ దక్షిణమునుండి ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది వరకు గల తీరద్వీపములును, ముప్పది మైళ్ళ లోతున తీరభూములును విముక్తులకు ప్రత్యేకింపబడెను. కుటుంబమునకు నలుబది ఎకరములకు మించకుండ పంచవలెనని యందు విధింపబడెను. వేసవి నాటికి సుమారు 40,000 మంది 4 లక్షల ఎకరములలో స్థిరపడి, విత్తనములు చల్లి, తమలో తామే కట్టుబాట్లు చేసికొని, పిల్లలకు బడులు పెట్టుకొనిరి. ఆ నేల తుదకేమయ్యెనో తెలిసికొననిదే అమెరికా అంతర్యుద్ధమును గూర్చి తెలిసినట్లు కాదని నా దృఢవిశ్వాసము. మన పాఠ్యగ్రంథములు అధ్యక్షుడు లింకన్ మహాశయుని మరణముతో ఆ కథను ముగించును. నిజమునకు అసలు కథ అచ్చటనే మొదలగుచున్నది.

యుద్ధమునకు మూలము దాస్యము కాదు, రాష్ట్రముల హక్కులేయని వాదించువారు నేటికిని కలరు. వారికి సమాధానము అదే సవానా పట్టణములో, ఆ బోధకుల సమావేశమునకు నాలుగేండ్ల పూర్వమే, తిరుగుబాటుదారుల నోటనే వెలువడినది. 1861 మార్చి 21న, దక్షిణరాష్ట్రములు వేరుపడి నెలకొల్పుకొనిన నూతన ప్రభుత్వమునకు ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీవెన్స్, నల్లవాడు తెల్లవానితో సమానుడు కాడను సిద్ధాంతమే తమ ప్రభుత్వసౌధమునకు మూలశిలయని సభాముఖమున ప్రకటించెను. మిసిసిపీ రాష్ట్రమును తన విభజన ప్రకటనమున దాస్యవ్యవస్థతోడనే తన సర్వస్వము ముడివడియున్నదని వ్రాసికొనినది. హంతకుడే ఒప్పుకొనిన నేరమునకు వకీళ్ళు వేరొక కారణము వెదకుట యెందులకో నాకు బోధపడదు.

ఆ సర్వస్వమునకు పత్తియే ప్రాణము. 1793లో ఎలై విట్నీ పత్తినుండి గింజలను వేరుచేయు యంత్రమును నిర్మించినప్పటినుండి దక్షిణసీమలో పత్తిచేలు అడవులను మ్రింగుచు పడమరకు ప్రాకెను. 1808లో విదేశములనుండి బానిసలను తెచ్చుట నిషిద్ధమైనను, దేశములోపలి విక్రయము నిరాటంకముగా సాగెను. వర్జీనియా, మేరీలాండు మొదలగు పాతసీమలనుండి సుమారు 10 లక్షలమంది, తల్లినుండి బిడ్డ, భర్తనుండి భార్య వేరుచేయబడి, దక్షిణపు పత్తిచేలకు తరలింపబడిరి. 1860 జనాభా లెక్కలనాటికి 3 కోట్ల 14 లక్షల దేశజనములో సుమారు 40 లక్షలమంది బానిసలు. అమెరికా ఎగుమతుల విలువలో సగమునకు మించి పత్తియే. ఇంగ్లండునందలి లాంకషైర్ మిల్లులకు చేరు పత్తిలో నూటికి డెబ్బదియైదు పాళ్ళకు పైగా అచ్చటిదే. దాస్యము దక్షిణసీమ పాపము మాత్రమేయని ఉత్తరాదివారును, ఆంగ్లేయులును చేతులు కడుగుకొనుటకు వీలులేదు. న్యూయార్కు బ్యాంకులు, లివర్‌పూలు నౌకలు, మాంచెస్టరు మగ్గములు అన్నియు ఆ చేలలోని చెమటమీదనే నడచినవి.

ఆ యుద్ధపుటల మన తీరమునకును తాకెను. లింకన్ నౌకాదళము దక్షిణపు రేవులను దిగ్బంధించుటతో లాంకషైరులో మిల్లులు మూతపడెను, కార్మికులు పస్తులుండిరి. మిల్లు యజమానుల దృష్టి హిందూదేశపు పత్తిపై పడెను. బొంబాయి వర్తకులు రాత్రికి రాత్రి కోటీశ్వరులైన కథ సుప్రసిద్ధము. గుంటూరుసీమ పత్తి కాకినాడ రేవునకు చేరి, అచ్చటినుండి ఓడల కెక్కెను. ఐరోపీయ వర్తక సంస్థలు అచ్చట కొలువుదీరెను. కాకినాడ పత్తి రేవుగా ప్రసిద్ధి కెక్కినది ఆ యుద్ధకాలముననే. యుద్ధము ముగిసి అమెరికా పత్తి మరల అంగడికి రాగానే ధరలు కూలెను. హెచ్చు ధరను నమ్ముకొనిన రైతు అప్పులపాలయ్యెను.

యుద్ధవృత్తాంతమును విస్తరించుట నా యుద్దేశము కాదు. 1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోటపై ఫిరంగులు పేలుటతో మొదలై, 1865 ఏప్రిల్ 9న అపమాటెక్స్ గ్రామమున జనరల్ లీ లొంగిపోవుటతో ముగిసిన ఆ సంగ్రామమున మృతుల సంఖ్యను చిరకాలము 6,20,000 గా లెక్కించిరి. ఇటీవలి పరిశోధనలు అది 7,50,000 వరకు ఉండవచ్చునని చెప్పుచున్నవి. చెప్పవలసినది వేరొకటి కలదు. లింకన్ తొలుత ఐక్యతాపరిరక్షణకే ఆయుధము పట్టెను గాని దాస్యనిర్మూలనకు కాదు. 1862లో రాజధానియగు వాషింగ్టన్ పట్టణమున బానిసలను విడిపించినప్పుడు ప్రభుత్వము తలకు 300 డాలర్ల వరకు పరిహారము చెల్లించినది. అది బానిసలకు కాదు, వారి యజమానులకు. యుద్ధమును దాస్యవిమోచన యుద్ధముగా మార్చినవారు మొట్టమొదట బానిసలే. 1861 మేలోనే వర్జీనియా తీరమందలి మన్రో కోటకు ముగ్గురు బానిసలు పారిపోయి వచ్చి శరణు కోరిరి. వారి వెనుక వందలు, వేలు వచ్చిరి. వచ్చినవారిని తిరిగి యజమానుల కప్పగించుట యుద్ధనీతికే విరుద్ధమైనది. 1863 జనవరి 1వ తేదీ విమోచన ప్రకటనము వారి పాదముల వెంట నడచి వచ్చినది.

వారిలో రాబర్ట్ స్మాల్స్ కథ తెలుగు పాఠకులకు తెలియవలసినది. దక్షిణ కెరొలినా తీరమందలి బ్యూఫర్ట్ పట్టణమున 1839లో బానిసగా జన్మించి, చార్లెస్టన్ రేవులో ‘ప్లాంటర్’ అను తిరుగుబాటు ప్రభుత్వపు ఆవిరినౌకను నడపుచుండిన ఇరువదిమూడేండ్ల యువకుడాతడు. 1862 మే 13వ తేదీ వేకువజామున, తెల్లదొరలైన నౌకాధికారులు ఊరిలో నిద్రించుచుండగా, స్మాల్సును తోటి బానిసలును నౌకను కదిపిరి. దారిలో తమ భార్యాబిడ్డల నెక్కించుకొనిరి. కప్తాను ధరించు గడ్డిటోపీని తలకు పెట్టుకొని, ఆయన నిలుచుండు భంగిమనే నిలిచి, కోట తరువాత కోటకు సరియైన కూతసంకేతము నిచ్చుచు స్మాల్స్ ఆ నౌకను ఫిరంగుల నోళ్ళ ముందుగా నడపుకొని పోయెను. సమ్టర్ కోట దాటిన పిమ్మట జెండాను దించి తెల్లదుప్పటి నెగురవేసి, ఉత్తరసేనల నౌకకు ఫిరంగులతోసహా దానిని అప్పగించెను. అటుపిమ్మట స్టాంటనుతో మాటాడి నల్లవారిని సైన్యమున చేర్చుకొనుటకు తోడ్పడిన వారిలో ఆయనయు ఒకడు. యుద్ధాంతమునకు సుమారు 1,80,000 మంది నల్లవారు సైనికులై పోరాడిరి. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. నల్ల సిపాయికి 10 డాలర్లు, అందును బట్టలకని 3 డాలర్ల కోత. మాసచూసెట్సు 54వ పటాలమువారు ఆ తక్కువ జీతమును ముట్టమని నిరాకరించి, ఉచితముగా పోరాడి, ప్రాణములర్పించిరి. 1864 జూనులో గాని సమానవేతన శాసనము రాలేదు. దేశముకొరకు చచ్చునప్పుడును వర్ణభేదము పాటించిన ఆ రాజ్యము, వారు బ్రదికియుండగా నేమి చేయగలదో ఊహించుట కష్టము కాదు.

1865 ఏప్రిల్ 14న లింకన్‌ను కాల్చిరి. మరునాడు ఆయన మరణించెను. అధ్యక్షపీఠ మెక్కిన ఆండ్రూ జాన్సన్ టెన్నెసీ వాడు, పేదకుటుంబమున పుట్టినవాడు, జమీందారులనిన మండిపడినవాడు, కాని నల్లవాడు తనతో సమానుడగునన్న ఊహను సహింపనివాడు. మే నెలలో క్షమాపణ ప్రకటించి, తిరుగుబాటుదారులకు వారి భూములను తిరిగి యిప్పించుటకు పూనుకొనెను. విముక్తుల సంక్షేమశాఖకు అధిపతియైన జనరల్ ఆలివర్ హోవార్డ్ అక్టోబరులో దక్షిణ కెరొలినా తీరమందలి ఎడిస్టో ద్వీపమునకు పోయి, అచ్చటి చర్చిలో కూడిన రైతులతో, ఈ నేల మీది కాదు, పాతయజమానులది, వారివద్ద కూలికి కుదురుకొనుడని చెప్పవలసి వచ్చెను. ఆయన మాట ముగియకముందే సభలో ఆక్రోశము చెలరేగెను. తరువాత ఆ ద్వీపవాసులు వ్రాసిన విన్నపములను చదువగా నాకు మనసు చెదరినది: తమ్ము చెట్టునకు కట్టి కొరడాలతో కొట్టినవానిని క్షమింపజాలమనిరి; వాని దయాధర్మముమీద బ్రదుకవలసిన స్థితిలో నిలిపి, దానికి స్వేచ్ఛయని పేరు పెట్టిన నెట్లు ఒప్పుకొందుమని వారడిగిరి. ఆ ప్రశ్నకు ఆ ప్రభుత్వము సరియైన బదులు చెప్పలేదు. పంటలు ఇండ్లకు చేరగనే సైనికులను పంపి వారిని వెడలగొట్టెను. అమెరికా తన చరిత్రములో చేసిన ప్రమాణభంగములలో ఇంతటి ఘోరమైనది, ఇంతటి దీర్ఘఫలము గలది, బహుస్వల్పము.

ఆ యేడాది డిసెంబరున పదమూడవ సవరణము అమలునకు వచ్చి దాస్యము రద్దయ్యెను. కాని నేరమునకు శిక్షగా తప్ప యని అందొక మినహాయింపు కలదు. ఆ చిన్న సందులోనుండియే దాస్యము మరల తల దూర్చినది. మిసిసిపీ శాసనసభ, ప్రతి జనవరిలోను పని ఒప్పంద పత్రము చూపలేని నల్లవానిని దేశదిమ్మరిగా పట్టి, జరిమానా వేసి, ఆ జరిమానా చెల్లించినవానికి కూలిగా అప్పగింపవచ్చునని శాసించెను; పట్టణముల వెలుపల నల్లవాడు భూమిని కౌలునకు గూడ తీసికొనరాదనెను. దక్షిణ కెరొలినాలో సేద్యము, ఇంటిచాకిరీ తప్ప వేరొక వృత్తి చేయగోరిన నల్లవాడు అనుమతి పత్రము కొరకు రుసుము చెల్లింపవలెను.

ఈ దుర్మార్గమును చూచి ఉత్తరాదివారి కన్నులు తెరువబడెను. కాంగ్రెసు అధ్యక్షుని ధిక్కరించి, 1867లో దక్షిణమును ఐదు సైనికమండలములుగా విభజించి, నల్లపురుషులకు ఓటుహక్కు నిచ్చెను. 1868లో పద్నాలుగవ సవరణము ఆ దేశమున పుట్టిన ప్రతివానిని పౌరునిగా చేసెను. 1870లో పదునైదవది వర్ణమునుబట్టి ఓటు నిరాకరింపరాదనెను. 1867 మొదలు పదేండ్ల పునర్నిర్మాణకాలము ఆ దేశచరిత్రములోని మహోజ్జ్వల ఘట్టములలో నొకటి. అంతకు మూడేండ్ల క్రిందట చదువు నేర్చుటయే నేరముగా నుండినచోట్ల తాతలు మనుమల ప్రక్కన కూర్చుండి అక్షరములు దిద్దిరి. సుమారు 2,000 మంది నల్లవారు గ్రామాధికారము మొదలు సెనేటు సభ్యత్వము వరకు పదవులు వహించిరి. తాను పుట్టిన ఊరిలో, తన్ను బానిసగా ఏలిన యజమాని యింటినే పన్ను బకాయి వేలములో కొనిన రాబర్ట్ స్మాల్స్, 1868లో దక్షిణ కెరొలినా రాజ్యాంగసభలో కూర్చుండి, పేదధనిక భేదము లేక సకల బాలబాలికలకును ప్రభుత్వపాఠశాలలు ఉండవలెనని పట్టుబట్టెను. పిమ్మట ఐదు పర్యాయములు కాంగ్రెసు సభ్యుడయ్యెను. దక్షిణమున పేద తెల్లవారి బిడ్డలకును ప్రభుత్వ విద్య దక్కినది ఈ విముక్తుల సభలవలననే యన్న సత్యమును ఆ తెల్లవారిలో బహుకొద్దిమందియే జ్ఞాపకముంచుకొనిరి.

కాని ఓటు చేతిలోనున్నవాని కాలిక్రింద నేల పరునిది. భూమి లేనందున పాలికి సేద్యము చేసిరి. విత్తనములు, ఎరువు, ఉప్పుపప్పులు దొరగారి దుకాణమున అరువునకు తెచ్చిరి. పంట కల్లమునకు రాకమునుపే అది అప్పునకు జమయయ్యెను. లెక్క వ్రాయువాడు దొరయే. అప్పునకు కట్టుబడి చాకిరి చేయించు మన తెలంగాణమందలి భగేలా పద్ధతిని ఎరిగిన పెద్దలకు ఆ లెక్కపుస్తకపు మర్మము విప్పి చెప్పనక్కరలేదు. కూలిడబ్బులు కూడబెట్టి విముక్తులు దాచుకొనిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు 1874లో దివాలా తీయగా 60,000 మందికి పైగా ఖాతాదారుల కష్టార్జితమునకు ఎసరు వచ్చెను. ఓటు వేయబోయినవానిని రాత్రివేళ ముసుగులు ధరించి వచ్చి కొట్టుటకు, చంపుటకు క్లూ క్లక్స్ క్లాన్ వంటి రహస్యసంఘములు వెలసెను. అధ్యక్షుడు గ్రాంట్ కొంతకాలము వారిని గట్టిగా నణచెను. తరువాత ఉత్తరాదివారి ఉత్సాహము చల్లారెను.

1873 ఏప్రిల్ 13న, ఈస్టరు ఆదివారమునాడు, లూసియానాలోని కోల్ఫాక్స్ గ్రామమున కచ్చేరిని కాపాడుకొనుచుండిన నల్లవారిని తెల్లవారి మూక ముట్టడించి, లొంగిపోయినవారిని సైతము చంపెను. మృతులు అరువదికి తక్కువ కారు, నూటయేబదివరకును చెప్పుదురు. శిక్షపడినవారు ముగ్గురు. 1876లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురిని గూడ విడిచిపెట్టెను: పద్నాలుగవ సవరణము రాష్ట్రప్రభుత్వములను కట్టివేయును గాని వ్యక్తుల దౌర్జన్యమును కాదట! హంతకులకు ఇంతకంటె అభయము మరియేమి కావలెను? కోల్ఫాక్స్ నెత్తురు పారిన ఆ 1873 సంవత్సరముననే మహారాష్ట్రమున జ్యోతిరావు ఫూలే తన ‘గులామ్‌గిరీ’ గ్రంథమును, దాస్యమును నిర్మూలించిన అమెరికా సత్పురుషులకు అంకితమిచ్చెను. వారి దృష్టాంతము తన దేశీయులకు మార్గదర్శకము కావలెనని ఆశించెను. ఆ అంకితమునకు నిజముగా అర్హులైనవారిని అదే సమయమున ఆ దేశము మూకలకు వదలివేయుచుండెను.

1876 అధ్యక్ష ఎన్నిక వివాదగ్రస్తమై, ఒక్క ఎలక్టొరల్ ఓటు ఆధిక్యముతో హేస్ నెగ్గెను. 1877 ఏప్రిలులో దక్షిణ కెరొలినా, లూసియానా శాసనభవనములకు కాపలాయున్న సైనికులు తమ శిబిరములకు మరలిపోయిరి. ఉత్తరదక్షిణముల తెల్లవారు రాజీపడిరి. ఆ రాజీకి మూల్యము చెల్లించినవారు నల్లవారు. ఖైదీలను గనులకును తోటలకును కూలికి అమ్ముకొను పద్ధతి రాష్ట్రఖజానాలను నింపెను. అలబామాలో అది 1928 వరకు సాగెను. ఓటు పన్నులు, చదువు పరీక్షలు వచ్చెను. లూసియానాలో 1896లో 1,30,334 మందిగా నుండిన నల్ల ఓటర్లు 1904 నాటికి 1,342 మందికి దిగజారిరి. 1895లో దక్షిణ కెరొలినా మరల రాజ్యాంగసభను సమకూర్చి నల్లవారి ఓటును ఊడబెరుకుటకు పూనుకొనినప్పుడు, సుమారు 160 మంది సభ్యులలో నల్లవారు ఆరుగురే. వారిలో నరసిన తలతో రాబర్ట్ స్మాల్స్ కూర్చుండెను. వాదించెను, గణాంకములు చూపెను, తుదకు ఆ రాజ్యాంగముపై సంతకము చేయ నిరాకరించెను. ఓడిపోవుదునని తెలిసియు నిలిచి పోరాడిన ఆ ఆరుగురి ధైర్యము, ఫిరంగుల యెదుట నౌక నడపిన ధైర్యమునకు తీసిపోదు.

స్మాల్స్ 1915 ఫిబ్రవరిలో మరణించెను. ఆ నెలలోనే గ్రిఫిత్ చలనచిత్రము ‘బర్త్ ఆఫ్ ఎ నేషన్’ తొలిసారి ప్రదర్శింపబడినది. ముసుగుదొంగలను వీరులుగా, విముక్తులను మృగములుగా చూపిన ఆ చిత్రమును అధ్యక్షభవనమున సైతము ప్రదర్శించిరి. కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డన్నింగ్ శిష్యులు, పునర్నిర్మాణకాలమనగా అజ్ఞానులు రాజ్యమేలిన చీకటికాలమని పుస్తకములు వ్రాసిరి. రెండు తరముల బాలురు అదియే చదివిరి. 1935లో నల్లజాతి మహాపండితుడు డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ తన బృహద్గ్రంథమున ఈ అబద్ధమును ఖండఖండములుగా ఛేదించినను, విద్యాలోకము చాలకాలము దానిని పెడచెవిని బెట్టెను. నేలను లాగికొనుట ఒక అన్యాయము. లాగికొనిన సంగతినే చరిత్రనుండి చెరిపివేయుట రెండవది, దానికంటె నీచమైనది.

1868, 1870 సవరణములు చావలేదు, నిద్రించెను. పాఠశాలలలో వర్ణవిభజన చెల్లదన్న 1954 నాటి తీర్పు, 1965 ఓటుహక్కు శాసనము ఆ సవరణములమీదనే, తొంబదియేండ్ల జాప్యముతో, నిలబడినవి. ఆ 1965లోనే, అదే పౌరహక్కుల గాలి బలముగా వీచుచుండగా, జాతినిబట్టి వలసలకు హద్దులు పెట్టిన పాతశాసనము రద్దయి, మన డాక్టర్లకు, ఇంజనీర్లకు, శాస్త్రజ్ఞులకు అమెరికా తలుపులు తెరువబడెను. అట్లాంటా, షార్లెట్, డల్లాసు పట్టణములలో, ఒకనాడు బానిసల వేలములు జరిగిన రాష్ట్రములలో, నేడు వేలకొలది తెలుగు కుటుంబములు ఇండ్లు కట్టుకొని, ఆలయములు కట్టుకొని, ఉగాది చేసికొనుచున్నవి. ఆ నేలను దున్నినవారి మనుమలను గూర్చి అచ్చటి మనవారిలో కొందరు తేలికగా మాటాడుట విన్నప్పుడు నాకు మిక్కిలి బాధ కలుగును. సోమరితనమను నింద మోపువారు ఎడిస్టో ద్వీపపు విన్నపములను చదువవలెను; బ్యాంకు ఖాతాల లెక్కలు చూడవలెను; ఇచ్చిన నలుబది ఎకరములను ఎవరు, ఎప్పుడు, ఏ సంతకముతో వెనుకకు తీసికొనిరో తెలిసికొనవలెను.

అచ్చట స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే. 2017లో ప్రభుత్వము బ్యూఫర్టునందు పునర్నిర్మాణకాలమునకు జాతీయ స్మారకమును నెలకొల్పినది. 2019 నుండి అది జాతీయ చారిత్రకోద్యానము. సెలవులలో డిస్నీలోకమునకు తీసికొనిపోవు బిడ్డలను ఒకసారి అచ్చటికిని తీసికొనిపొండు. ఆ బిడ్డలు అమెరికాలో పుట్టినంతమాత్రముననే అమెరికా పౌరులైరనిన, అది 1868లో ఆ విముక్తులకొరకు వ్రాయబడిన పద్నాలుగవ సవరణములోని మొదటి వాక్యమువలననే.